బండికి కట్టిన కరకట్ట

బెజవాడలో బందరు రోడ్డు పక్కన ఒక అరగంటసేపు నిలబడి చూడండి. మన ముందునుంచి పోయే మోటారు సైకిళ్లలో ఎన్నో వొంటికి ఇనప కడ్డీలు తొడుక్కుని కనిపిస్తాయి. కొన్నిటికి అవి చీపురుపుల్లల్లాగా సన్నగా వుంటాయి. కొన్నిటికి ఏనుగు దంతాల్లాగా అటూ ఇటూ పొడుచుకు వస్తాయి. మరికొన్నిటికి సీతాకోకచిలుక రెక్కల్లాగా విచ్చుకుని వుంటాయి. వీటిని ఒక కొట్టువాడు ‘లెగ్ గార్డు’ అంటాడు. పక్క కొట్టువాడు ‘ఇంజను గార్డు’ అంటాడు. ఆ పైవాడు ‘క్రాష్ గార్డు’ అంటాడు. వస్తువు ఒకటే, పేర్లు మూడు. మొదటి పేరును బట్టి అది కాలిని కాపాడాలి. రెండో పేరును బట్టి ఇంజనును కాపాడాలి. మూడో పేరును బట్టి సాక్షాత్తూ ప్రమాదాన్నే కాపాడాలి కాబోలు! తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి గనుక, ఈ మూడింటిలో ఏ పేరు సార్థకమో తేలేదాకా నాకు నిద్ర పట్టలేదు.

అయితే ఇది వట్టి వ్యాకరణ చర్చ కాదు. దీని వెనక ఒక ప్రయాణం వుంది.

మా ఆవిడ పుట్టిల్లు దివిసీమలో, కోడూరు దగ్గర ఒక చిన్న పల్లె. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ఆ ఇంట్లో ముగ్గురు పోయారు. తను అప్పటికి పుట్టనైనా లేదు. అయినా ఏటేటా ఆ తేదీకి అన్నగారింటికి వెళ్లి, ఎన్నడూ చూడని ఆ ముగ్గురి పేరా దీపం పెట్టి వస్తుంది. ఇన్నేళ్లూ బస్సులోనే వెళ్లి వస్తున్నాం. ఈమధ్య నేను ఎన్‌ఫీల్డువారి హిమాలయన్ బండి ఒకటి కొన్నాను. బండి పేరు హిమాలయన్. దాని యజమాని ఎక్కిన మహా ఎత్తయిన కొండ ఇంద్రకీలాద్రి. అయినా దూరప్రయాణాలకు అనువైన బండి కదా అని, “ఈసారి దీనిమీదే వెళదామా?” అన్నాను.

“వెళదాంలెండి. కాని కరకట్టమీద బురద సంగతి మీకు తెలియంది కాదు. ఇంచుమించు రెండు వందల కిలోల బండి పక్కకు ఒరిగితే మీ కాలేం కావాలి? ముందు దానికేదన్నా కట్టించండి” అంది.

“మరి నీ కాలో?”

“నేను దూకేస్తాను” అంది నిబ్బరంగా.

అందుచేత మర్నాడు కాలేజీ విడిచిపెట్టగానే ఆటోనగర్ దారి పట్టాను.

బెజవాడవారికి ఆటోనగర్ గురించి చెప్పనక్కరలేదు గాని, పైవూళ్లవారికోసం చెబుతున్నాను. ఊరికి తూర్పున, లారీల కోసమే పుట్టిందా అన్నట్టుండే పేట అది. 1960లనాటి నుంచి వున్నది. ఒక వీధిలో లారీ అస్థిపంజరం నిలబడి వుంటుంది. పక్క వీధికి వెళ్లేసరికి దానికి చెక్క ఒళ్లు వస్తుంది. ఇంకో వీధిలో రంగూ, ముందు నిమ్మకాయా, వెనక ఒక నీతివాక్యమూ వచ్చి చేరతాయి. సుత్తి మోతకూ వెల్డింగు మెరుపుకూ అక్కడ ఆదివారం కూడా విరామం తక్కువే. మా కాలేజీ కుర్రవాళ్లు చెప్పిన ఒక వెల్డింగు మేస్త్రిని వెతుక్కుంటూ వెళ్లాను. అరవై దాటిన మనిషి. కళ్లద్దాలు నుదుటిమీదకి తోసి, నన్నూ బండినీ ఒకసారి ఎగాదిగా చూశాడు.

“గట్టిది కావాలి మేస్త్రీ. ఎంత ఖర్చయినా ఫరవాలేదు, అన్నిటికంటే గట్టిది చూడు” అన్నాను.

“అన్నిటికంటే గట్టిది మీకు వద్దు మాస్టారూ” అన్నాడతను.

ఆ తరవాత అతను చెప్పింది ఒక గంట పాఠం. నేను చెప్పే పాఠాలకంటే అదే నయంగా వుందని ఒప్పుకోక తప్పదు. గోడకు ఆనించి వున్న ఒక పాత బండి ఛాసీని చూపించాడు. దాని ముందు గొట్టానికి గార్డు బిగించిన చోట చెవిలాంటి ఇనప ముక్క పెళ్లగిలిపోయి వుంది. పక్కనే ఆ బండికి కట్టిన గార్డు. దానిమీద గీత కూడా లేదు. బండి నిలబడ్డచోటే పక్కకు పడిందట. గార్డు మహా గట్టిది. అది వంగనని భీష్మించుకుంది. ఆ దెబ్బంతా తిన్నగా పోయి ఛాసీకి తగిలింది.

“గార్డు ఖరీదు మూడు వేలు మొదలుకుని అయిదారు వేలదాకా వుంటుంది. ఛాసీ పోతే బండే పోయినట్టు. ఏది వంగాలో మీరే చెప్పండి” అన్నాడు మేస్త్రి.

అదీ అసలు కిటుకు. గార్డు పని దెబ్బను ఎదిరించడం కాదు, దెబ్బను తను తినడం. మెత్తటి ఉక్కు గొట్టమైతే వంగుతూ వంగుతూ దెబ్బలోని బలాన్ని కొంత మింగుతుంది. అందుకే గొట్టం లావు చూసి మోసపోకూడదు. దాని రేకు మందమూ, అది ఎక్కడెక్కడ బిగుస్తుందన్నదీ చూసుకోవాలి. ఒక్కచోట బిగిసే గార్డు పడ్డప్పుడు తిరిగిపోయి ఇంజనునే పొడుస్తుంది. పైన ఒకచోట, కింద ఒకచోట బిగిసి, కుడి ఎడమలను కలుపుతూ మధ్య అడ్డకడ్డీ వున్నదైతే దెబ్బ నాలుగు వైపులకూ పంచుకుంటుంది. కుడి ఎడమలు రెండు వేరు ముక్కలుగా వుండి బోల్టులతో కలిసేవైతే మరీ మంచిది. ఒక పక్క వంగితే ఆ పక్కదే మార్చుకోవచ్చు. బయటి అంచున నైలాను దిమ్మె ఒకటి వుంటే, బండి నేలమీద జారేటప్పుడు ఇనుము రాతికి పట్టుకుని బండిని గిరుక్కున తిప్పెయ్యకుండా ఆ దిమ్మె అరుగుతూ పోతుంది.

“స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకోనా? మా ప్రయాణం సముద్రం పక్కకి” అన్నాను.

“తీసుకోండి, ఉప్పుగాలికి మంచిదే. మామూలు ఉక్కయినా పౌడర్ కోటింగు సరిగా వేసివుంటే నిలుస్తుంది. ఏదయినా అతుకుల దగ్గర చూసుకోవాలి. గొట్టం అడుగున నీళ్లు దిగిపోవడానికి చిన్న చిల్లు వుందో లేదో చూడండి. లేకపోతే వాన నీరు లోపల నిలిచి, పైన నిగనిగలాడుతూనే లోపల తుప్పు తినేస్తుంది.”

మనుషుల్లో కూడా అటువంటివారు లేకపోలేదనుకున్నాను గాని, పైకి అనలేదు.

ఇక లెగ్ గార్డు అన్న పేరు సంగతి. ఎన్‌ఫీల్డు బుల్లెట్ల కూర్పు మద్రాసులో 1955లో మొదలైంది. ఆ బండి మన రోడ్లమీద తిరిగినన్నాళ్లూ ముందు వంపు తిరిగిన కడ్డీని జనం లెగ్ గార్డు అనే పిలుస్తూ వచ్చారు. కాలు క్షేమంగా వుంటుందని నమ్ముతూనూ వచ్చారు. ఈ నమ్మకాన్ని అమెరికాలో శాస్త్రీయంగా పరీక్షించారు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ అనే ఆయన బృందం లాస్ ఏంజలిస్ ప్రాంతంలో జరిగిన తొమ్మిది వందల మోటారు సైకిలు ప్రమాదాలను స్వయంగా వెళ్లి పరిశీలించి, 1981లో నివేదిక ప్రకటించింది. ఇటువంటి కడ్డీలవల్ల చీలమండకూ పాదానికీ దెబ్బలు తగ్గిన మాట నిజమే. కాని తొడకూ మోకాలికీ పిక్కకూ దెబ్బలు పెరిగి, ఆ లాభం కాస్తా చెల్లుకు చెల్లయిపోయిందని వారు తేల్చారు. వేగంగా వెళ్లి దేన్నయినా గుద్దుకున్నప్పుడు మనిషి ముందుకు ఎగురుతాడు, కాళ్లు అదే కడ్డీకి వెళ్లి తగులుతాయి. అంటే నిలబడ్డచోటో, మెల్లగా పోతూనో బండి ఒరిగితే కాలు కింద నలగకుండా ఈ కడ్డీ కాస్త జాగా వుంచుతుందేగాని, వేగానికి అది విరుగుడు కాదు. దూరప్రయాణంలో ఆ కడ్డీమీద కాళ్లు చాపుకుని దర్జాగా పోయే కుర్రవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకుంటే వాళ్ల తల్లిదండ్రులు సంతోషిస్తారు.

కాబట్టి మూడు పేర్లలో ‘ఇంజను గార్డు’ అన్నదే సరైన పేరని నాలో తెలుగు పంతులు తీర్పు చెప్పుకున్నాడు.

చట్టం సంగతి కూడా విచారించాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండిని తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా మనిష్టం వచ్చినట్టు మార్చుకోకూడదు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖవారు అనుమతి లేని క్రాష్ గార్డులు, బుల్ బార్లమీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాశారు. ముఖ్యంగా కార్లకూ జీపులకూ ముందు కట్టే ఆ ఇనప దూలాలవల్ల రోడ్డుమీద నడిచే అమాయకుడి ఎముకలు విరుగుతున్నాయన్నది దానికి కారణం. మన కవచం ఎదుటివాడికి ఆయుధం కాకూడదు కదా! అందుచేత బండి తయారుచేసినవారే ఆ మోడలుకోసం అమ్మే గార్డును, హ్యాండిలు వెడల్పుకు మించి బయటికి రానిదాన్ని ఎంచుకున్నాను. చట్టం తప్పనిసరి చేసిన గార్డు మాత్రం వేరే వుంది. వెనక కూర్చునేవారికి చేతిపిడీ, కాళ్లు పెట్టుకునే ఆనూ, వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే తెరా వుండి తీరాలని 1989నాటి కేంద్ర నిబంధనలలో 123వ నిబంధన చెబుతున్నది. మన ఆడవాళ్ల చీర కొంగును ఎన్నో ఏళ్లుగా కాపాడుతున్న ‘శారీ గార్డు’ అదే. దూరప్రయాణాల సోకుకోసం దాన్ని పీకి పారేసేవారు కొందరున్నారు. మాది వున్నచోటే వుంది.

మేస్త్రి దగ్గరుండి బిగించాడు. హ్యాండిలు అటూ ఇటూ పూర్తిగా తిప్పి ముందు చక్రం ఎక్కడా తగలడంలేదని చూశాడు. నన్ను కూర్చోబెట్టి గేరూ బ్రేకూ కాలికి అందుతున్నాయా అని అడిగాడు. ఇంజను ఆయిలు మార్చాలంటే గార్డు విప్పే పని లేదని రూఢి చేసుకున్నాడు. “అయిదు వందల కిలోమీటర్లు తిరిగాక వచ్చి బోల్టులు మళ్లీ చూపించుకోండి. కొత్త బోల్టు కొత్తల్లుడి లాంటిది, సర్దుకోడానికి కొంత వ్యవధి కావాలి” అన్నాడు.

నవంబరు 18న తెల్లవారుజామునే బయలుదేరాం. బెజవాడలో బండికి ఏది కొత్తగా తగిలించినా అమ్మవారికి చూపించడం ఆనవాయితీ. దుర్గమ్మ కొండ కింద నిమ్మకాయలు తొక్కించి, బ్యారేజి దగ్గర కాసేపు ఆగాం. ఇక్కడ మొదటి ఆనకట్టను 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తిచేశారు. దాదాపు వందేళ్లు పనిచేసి, 1952లో వరదకు అది తెగింది. దాని స్థానంలో 1954–57 మధ్య కట్టినదే ప్రకాశం బ్యారేజి. 2024 సెప్టెంబరు మొదట్లో దీనిమీదకు పదకొండు లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చింది. ఆ ప్రవాహంలో పెద్ద పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర ఢీకొన్నాయి. గేట్లకు సరితూకంగా వుండే దిమ్మెలు కొన్ని దెబ్బతిన్నాయి. బ్యారేజి మాత్రం నిలబడింది. కొద్దిరోజుల్లోనే ఆ దిమ్మెల స్థానంలో కొత్తవి అమర్చారు.

“మీ మేస్త్రి చెప్పింది ఇదే కదండీ” అంది మా ఆవిడ. ఆమె ఎం.ఏ. చదవలేదు గాని, ఉపమానాలు నాకంటే త్వరగా అందుకుంటుంది.

అక్కడినుంచి బందరు రోడ్డు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. రహదారి వెడల్పయి, బండి వెన్నమీద కత్తిలాగా పోయింది. పామర్రు దగ్గర దక్షిణానికి మళ్లితే అసలైన డెల్టా మొదలవుతుంది. కాలవా, కాలవ పక్కన రోడ్డూ, రోడ్డు పక్కన పండి వొరిగిన వరీ. తొందరగా ఊడ్చినచోట కోతలు మొదలయ్యాయి. పొలంలోంచి ఎక్కిన ట్రాక్టరు రేగడిని తారురోడ్డు మీద అచ్చులు అచ్చులుగా వదిలి వెళ్లింది. ఇంకొంచెం ముందుకు పోతే రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోసి వుంది. రేగడి తడిస్తే సబ్బు, ధాన్యం చక్రం కిందికి వస్తే గోలీలు. డెల్టాలో మోటారు సైకిలుకు కొండచరియల భయం లేదు గాని, ఈ రెండింటి భయం వుంది.

కూచిపూడి దాటేటప్పుడు, ఇత్తడి పళ్లెం అంచుమీద నిలబడి తరంగం ఆడే ఆ వూరి కళాకారులు జ్ఞాపకం వచ్చారు. రేగడిమీద బండి నడిపేవాడికి ఆ విద్యలో వీసమెత్తు వున్నా చాలును. చల్లపల్లి, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడి, పులిగడ్డ. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయలు చీలుతుంది. అక్కడ కాలవనీరు వంతెనెక్కి నదిపాయను దాటి దివిసీమలోకి పోయే అక్విడక్టు చూడవలసిన వింత. కింద నది నీరు, పైన కాలవ నీరు. అవనిగడ్డలో కాఫీ తాగి, కోడూరు మీదుగా మధ్యాహ్నానికి మా బావమరిది ఇల్లు చేరాం.

సాయంత్రం హంసలదీవికి వెళ్లాం. వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని సముద్రం వైపు కొంతదూరం వెళ్లాం. కృష్ణమ్మ అంత దూరం నడిచి వచ్చి ఇక్కడ ఏ ఆర్భాటమూ లేకుండా సముద్రంలో కలిసిపోతుంది. దూరాన మడ అడవుల పచ్చని గీత. మా బావమరిదికి ఆ ఉప్పెననాడు ఆరేళ్లు. తాడిచెట్టుకు కట్టేస్తే బతికాడు. ఆ రోజు గురించి అతనంతట అతను ఎప్పుడూ ఎత్తడు. ఆవేళ బండి చుట్టూ తిరిగి గార్డును తట్టి చూసి, అన్నాడు:

“ఆ రోజు ఏ గట్టూ నీటిని ఆపలేదు బావగారూ. మడ వున్నచోట కాస్త నెమ్మదించిందని పెద్దవాళ్లు చెప్పేవారు. 90లో మళ్లీ వచ్చింది. అప్పుడు ముందే లారీలెక్కించి తీసుకుపోయారు. బతికాం.”

1977లో వేలాదిమంది పోయారు. 1990 మే నెలలో భీకరమైన తుపాను మళ్లీ ఈ తీరాన్నే తాకినప్పుడు, ముందుగా ఖాళీ చేయించబట్టి ప్రాణనష్టం ఎన్నో రెట్లు తగ్గింది. గట్టు అవే గట్లు, సముద్రం అదే సముద్రం. తేడా అంతా ముందుచూపులో వుంది. నేను ఆటోనగర్‌లో గంటసేపు కూర్చుని నేర్చుకున్నదానికి చివరి వాక్యం నాకు అక్కడ దొరికింది.

మర్నాడు దీపం పెట్టుకుని, భోజనాలు చేసి, తిరుగు ప్రయాణంలో కరకట్ట దారి పట్టాం. కృష్ణ వొడ్డున శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువును చూడాలని మా ఆవిడ కోరిక. ఆ దర్శనమయ్యాక, తోట్లవల్లూరు ఇంకా రాకముందు, కట్టమీదకి గేదెల మంద ఎక్కింది. బండి ఆపి కాలు కింద పెట్టాను. కాలి కింద వున్నది రోడ్డు కాదు, ట్రాక్టరు వదిలిన రేగడి. కాలు జారింది. బండి తొందరేమీ లేకుండా, ముసలి ఏనుగు పడుకున్నట్టు, ఎడమపక్కకు ఒరిగింది. మా ఆవిడ చెప్పినట్టే దిగిపోయింది. దూకడానికి అవసరం కూడా లేకపోయింది. గార్డు నేలకు ఆనింది. బండికీ నేలకూ మధ్య నా కాలు పట్టేంత జాగా మిగిలింది.

గేదెల కాపరి పరుగెత్తుకొచ్చి బండి లేపడానికి చెయ్యి వేశాడు. “దెబ్బేమన్నా తగిలిందా బాబూ?” అన్నాడు. తగల్లేదు. గేరు కడ్డీ తిన్నగానే వుంది. ఇంజను మూతమీద గీత లేదు. నైలాను దిమ్మె అంచు చెక్కుకుపోయింది, కింది గొట్టం వేలెడంత లోపలికి వంగింది. మీట నొక్కగానే బండి పలికింది. చీకటి పడేలోగా ఇల్లు చేరాం.

మేస్త్రి ఆ వంగినదాన్ని చూసి సంతోషించాడు. “మంచి గార్డు మాస్టారూ” అన్నాడు. “దీన్ని కాల్చి తిన్నగా చెయ్యకూడదా?” అంటే ససేమిరా అన్నాడు. ఒకసారి వంగిన గొట్టానికి మళ్లీ ఆ సత్తువ రాదట. ఎడమ ముక్కా, దాని బోల్టులూ మార్చి పంపించాడు.

దూరాలు తిరగాలని ముచ్చటపడే కుటుంబాలకు నేను చెప్పగలిగింది ఇంతే. గార్డు కొనేముందు ఐ.ఎస్.ఐ. గుర్తున్న హెల్మెట్లు రెండు కొనండి. వెనక కూర్చునేవారికీ తల వుంటుంది. గట్టి బూట్లు కొనండి. వేగం తగ్గించుకోవడానికి డబ్బు అక్కరలేదు, అది వెంటనే చెయ్యవచ్చు. ఇవన్నీ అయ్యాక గార్డు కట్టించండి. అది ఇంజనును కాపాడి, మిమ్మల్ని వూరుకాని వూళ్లో నిలబెట్టకుండా ఇంటికి చేరుస్తుంది. దానివల్ల అంతకుమించి ఆశించకండి, అంతవరకు మాత్రం తప్పకుండా ఆశించండి.

వచ్చే నవంబరు ప్రయాణం మాట ఇప్పుడే మా ఇంట్లో మొదలైంది. బస్సు టిక్కెట్ల ప్రస్తావన మాత్రం ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు.